మూల సోఫాకు ఆ చివర

"నువ్వు అక్కడ కూర్చో, నేను ఇక్కడ కూర్చుంటా," అన్నాడు అక్సెలి.

అక్కడ అంటే ఫర్నిచర్ దుకాణంలో ఎల్ ఆకారంలో ఉన్న ఆ బూడిదరంగు సోఫాకు అవతలి కొస. మధ్యలో ఇంకో కుటుంబం కాపురం పెట్టొచ్చు. సైమి వెళ్లి కూర్చుంది.

"నా మాట వినబడుతోందా?"

"ఏంటి?"

"ఏం లేదు. ఉత్తరం రాస్తాలే."

బయట ఫిన్లాండ్‌లోని టాంపెరే వీధుల్లో అక్టోబరు వాన తొందరేమీ లేకుండా కురుస్తోంది. వచ్చే శనివారం సైమి తన అద్దె గది వదిలి అతని ఫ్లాట్‌కి మారాలి. పిలిచింది అతనే. కాకపోతే, "అల్మారాలో సగం ఖాళీ చేశాను" అని మాత్రమే అన్నాడు. అది పిలుపేనని తేల్చుకోవడానికి ఆమెకు ఒక రాత్రంతా పట్టింది. ఇప్పుడీ సోఫా మీద కూర్చుంటే, అతను నిజంగా అల్మారా సంగతే చెప్పాడేమో అనిపిస్తోంది.

దుకాణంలో పనిచేసే హిల్కా గారు మెల్లగా వచ్చింది. "ఏమ్మా, ఇద్దరూ కలిసే వచ్చారా?"

"ఇంకా తేలలేదండీ," అంది సైమి.

హిల్కా గారు నవ్వు దాచుకుని ముందు నడిచింది. వీపునిండా గుండీలు కుట్టిన తోలు చెస్టర్‌ఫీల్డ్ సోఫా చూపించింది. "చేతులూ వీపూ ఒకే ఎత్తు. దీని మీద వాలిపోవడం కుదరదు, బుద్ధిగా కూర్చోవాల్సిందే. అత్తగారు వచ్చే ఇంటికి బావుంటుంది." పక్కనున్న సోఫా కమ్ బెడ్‌ని తట్టింది. "ఇది రెండు పనులూ చేస్తుంది, రెండూ అంతంతమాత్రం."

ఆ పక్కన ఆకుపచ్చటి చిన్న సోఫా ఉంది, ఇద్దరికి మాత్రమే సరిపోయేది. సైమి అందులో కూర్చుని పక్కన తట్టింది. అక్సెలి బస్సులో అపరిచితురాలి పక్కన కూర్చున్నట్టు అంచుమీద సర్దుకున్నాడు.

"ఇరుగ్గా లేదూ?" అన్నాడు.

"నీకా, నాకా?"

"నీకే."

"అక్సెలీ, నేను రావడం నీకు ఇష్టమేనా? ఇంటావిడకి సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పాలి. ఇష్టం లేకపోతే గది ఉంచేసుకుంటా."

హిల్కా గారు అవసరం లేకపోయినా ఒక దిండు దులపడం మొదలుపెట్టింది.

"మా ఇంట్లో మూల సోఫానే," అన్నాడు అక్సెలి. "ఆ చివర అమ్మది. అల్లిక బుట్ట, కళ్లద్దాలు, ఉప్పు లికోరైస్ మిఠాయిల డబ్బా. వేసవిలో అమ్మ సరస్సు దగ్గరి ఇంటికి వెళ్లిపోయినా నాన్న అటువైపు కాలు చాపడు. కుక్కని కూడా ఎక్కనివ్వడు."

"అయితే?"

"నీకంటూ ఒక చోటు ఉంటే... నువ్వు వెళ్లిపోవనుకున్నా."

సైమికి నవ్వొచ్చింది, కళ్లు కూడా చెమర్చాయి. ఆమె పెరిగిన ఇంట్లో అయిదుగురు పిల్లలకీ కూర్చోవడానికి ఒకటే బల్ల. ఒకరి మోచెయ్యి ఇంకొకరి పక్కటెముకలో ఉండేది. ఎవరూ తోయకపోతే తనతో ఎవరికీ పని లేదని ఆమె లెక్క. తనని ఇంతగా కోరుకున్నవాడు అంత దూరంలో కూర్చోబెడతాడని ఆమెకెలా తెలుస్తుంది? ఇద్దరూ ఈ దుకాణంలోకి తమ తమ ఇళ్లను మోసుకునే వచ్చారు.

"నాకు చోటు వద్దు," అంది. "జరుగు అని నన్ను ఎవరైనా తొయ్యాలి."

హిల్కా గారు ఇక ఆగలేకపోయింది. "ఇటు రండి. సన్నటి చెక్క కాళ్లు, కింద చీపురు దూరుతుంది. ముగ్గురు పడతారు, కానీ పొడుగునా ఒకటే దిండు, మధ్యలో గీత లేదు. ఒకరు కూర్చుంటే రెండోవాళ్లు అటే జారతారు. వెనక్కి పట్టుకొచ్చినవాళ్లు ఇప్పటిదాకా లేరు."

అక్సెలి వెళ్లి సరిగ్గా నడిమధ్యన కూర్చున్నాడు.

"జరుగు," అంది సైమి.

"జరగను."

ఆమె తోసింది. అతను కదల్లేదు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "నాతోనే ఉండు, సైమి," అన్నాడు నేలకేసి చూస్తూ. "అల్మారా సంగతి కాదు."

ఆమె అతని మీదికి జారింది. తప్పు దిండుదేనని చెప్పడానికి ఇద్దరూ ప్రయత్నించలేదు.

"ఇప్పుడు ఆర్డరిచ్చినా సోఫా క్రిస్మస్ లోపు మాత్రం రాదు మరి," అంది హిల్కా గారు. "అంతదాకా ఎక్కడ కూర్చుంటారు?"

"నేల మీద," అంది సైమి, గది ఖాళీ చేస్తున్నానని చెప్పడానికి ఇంటావిడకి ఫోన్ కలుపుతూ.