చుట్టకుదురు గుర్తు

సముద్రం బాగోలేదని ఆ రోజు కళింగపట్నంలో పడవలు దిగలేదు. చేపల బుట్ట ఎత్తే పని లేక అసిరమ్మ అరుగు మీద కాళ్లు చాపుకుని టీ తాగుతోంది. లోపల ఆమె కోడలు ఉష కూతురి తల దువ్వుతోంది. తడి ఆరకముందే, పెద్ద పళ్ల దువ్వెనతో, చివర్ల నుంచి పైకి. అయినా ఒడిలో పరిచిన గుడ్డ మీద వెంట్రుక ముక్కలు రాలుతూనే ఉన్నాయి.

"చూడు పైడీ, ఒక్కదానికీ వేరు లేదు. ఇది ఊడడం కాదు, విరగడం."

"ఎన్నిసార్లు చెప్తావమ్మా! నువ్వు సైన్సు టీచరువని ఊరందరికీ తెలుసు."

అరుగు మీద నుంచి అసిరమ్మ అందుకుంది. "ఆ భూతద్దం అవతల పారేసి కాసింత ఆమదం రాయే దానికి. జుట్టన్నాక పోదేటి?"

"ఆముదం రాయడం అయిపోయింది, కొబ్బరినూనె కూడా అయిపోయింది అత్తా."

మూడు నెలలుగా ఉష వెతకని కారణం లేదు. బోరు ఉప్పునీళ్లు మాన్పించి తలస్నానానికి డబ్బా నీళ్లు తెప్పించింది. షాంపూ మార్చింది. తువ్వాలుతో రుద్దవద్దని పాత నూలు చీర ముక్క ఇచ్చింది. రక్తపరీక్షలో ఏ లోపమూ లేదన్నారు. అది ఉష భర్త హరిబాబు జుట్టు. ఆ ఉంగరాలు అతని దగ్గర్నుంచి వచ్చినవే. కిడ్నీలు పోయి అతను వెళ్లిపోయి రెండేళ్లయింది. ఆసుపత్రిలో ఆఖరిగా అడిగింది ఒక్కటే. "మా యమ్మ బరువు మా యమ్మతోనే ఆగిపోవాల ఉషా. పైడి తలమీదికి బుట్ట ఎక్కనీకు." ఉష తలూపింది. ఆ రోజు నుంచి తను బతికున్నది ఆ మాట కోసమే అన్నట్టు ఉంటోంది.

పాపిడి తీయబోయి ఆమె ఆగింది. ఇన్నాళ్లూ పాయలు విడదీసి చూసింది తప్ప, తలనంతటినీ పైనుంచి ఒకసారి చూడలేదు. మాడు మధ్య జుట్టు బాగానే ఉంది. దాని చుట్టూ మాత్రం పొట్టి ముక్కలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. వేలితో వాటి వెంట తడుముతూ వెళ్తే, వేలు మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగింది.

"ఈ రోజు ట్యూషన్ లేదన్నావు కదూ?"

"లేదమ్మా. సార్ ఊరెళ్లారు."

"పోయిన నెల పడవలు దిగని రోజున కూడా సార్ ఊరెళ్లారు."

 ఉష లేచి, గుమ్మం పక్క మేకుకి తగిలించిన చుట్టకుదురు తీసింది. బుట్ట కింద ఒత్తుకోకుండా అసిరమ్మ తలమీద పెట్టుకునే గుడ్డ చుట్ట అది. ఉప్పు పట్టి కొబ్బరిపీచులా గరుకుగా ఉంది. తెచ్చి కూతురి మాడు మీద పెట్టింది. విరిగిన చోటల్లా దాని కిందికే వచ్చింది. మడతలో ఒక వెంట్రుక ముక్క ఇరుక్కుని ఉంది, నల్లగా, ఉంగరం తిరిగి. అసిరమ్మ జుట్టు తెల్లనిది, తిన్ననిది.

"ఎప్పటినుంచి?" ఉష గొంతు పెంచలేదు.

"వేసవి సెలవుల నుంచి. ట్యూషనని చెప్పి పొద్దున్నే, ఒడ్డు నుంచి ఆటో దాకానే అమ్మా."

అసిరమ్మ గ్లాసు కింద పెట్టి లోపలికి వచ్చింది. "దాన్నేటీ అనకు. నన్నను."

"నిన్నే అంటున్నానత్తా. నేను భూతద్దం పట్టుకుని వెతుకుతుంటే, అన్నీ తెలిసి ఆముదం రాయమన్నావు. ఇంట్లో ఉన్నది ముగ్గురం. మీరిద్దరూ ఒకటై నన్ను పిచ్చిదాన్ని చేశారు. నీ కొడుక్కి నేనేం మాటిచ్చానో నీకు తెలీదా?"

"తెల్దేటి? ఆడు నాకూ సెప్పాడు. నా సెయ్యట్టుకుని మరీ సెప్పాడు."

ఆ సంగతి ఉషకి తెలియదు.

"తెలిసే ఎత్తించావా?"

"నాన్నమ్మ ఎత్తించలేదమ్మా!" పైడి అడ్డొచ్చింది. "సెలవుల్లో తనతో వెళ్లిన రోజు, కళ్లు తిరిగి ఇసకలో పడిపోయింది. నేనే ఎత్తుకున్నాను. నీకు తెలిస్తే మానిపించేస్తావని చెప్పొద్దంది."

"మానిపించనా మరి? తిండికి లేక మోస్తోందా?"

"తిండికి కాదే." అసిరమ్మ గోడకి ఆనుకుని కూలబడింది. "ఇంటికాడ కూకుంటే ఏ మూల సూసినా ఆడే అవుపిస్తన్నాడు. నువ్వు బడికెల్పోతావు, పిల్ల కాలేజీకెల్పోతాది. నేనేటి సేసీది? నెత్తిమీద బుట్టుంటే మెడ తిరగదు. ఎనక్కి సూడలేను. అందుకే మోత్తన్నాను."

కళ్లు తుడుచుకోడానికి ఆమె పైట లాక్కుంది. ఎప్పుడూ తలమీదుండే ముసుగు జారింది. ఉష చూసింది. అదే గుండ్రని గుర్తు. అయితే అక్కడ పొట్టి ముక్కలు కూడా లేవు. నున్నటి చర్మం మెరుస్తోంది.

పద్దెనిమిదేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నారు. కూతురి తలలో ఒక్కో వెంట్రుకనూ పట్టి చూసిన మనిషి, ఈ తలను ఎన్నడూ చూడలేదు. హరిబాబు చూసే ఉంటాడు. చూశాడు కాబట్టే అడిగాడు.

"ఆడి మాట నేనే తప్పీసాను ఉషా," అంది అసిరమ్మ.

ఉష దువ్వెన తీసుకుని అత్త వెనక కూర్చుంది.

"నాకేటి దువ్వుతావే? ఉన్నయ్యే నాలుగు."

"ఆ నాలుగే దువ్వుతాను," అంది. ఆ మాట పూర్తవకుండానే, రెండేళ్లుగా బిగబట్టుకున్న ఏడుపు బయటపడింది.

మూడోరోజు పడవలు దిగాయి. పైడి నిజంగానే ట్యూషన్‌కి వెళ్లింది. ఒడ్డున చేపల బుట్టకి రెండు వైపులా తాడు కట్టి, ఉష ఒక పక్క పట్టుకుంది, అసిరమ్మ ఒక పక్క.

"సేపల కంపుతో బడికెల్తావేటే, పంతులమ్మా?"

"సగం మంది పిల్లలు ఈ ఒడ్డు నుంచే వస్తారత్తా. వాళ్లకి తెలీదా?"

ఇసకలో ఇద్దరి అడుగులూ కలవడం లేదు. ఖాళీగా ఉన్న అసిరమ్మ రెండో చెయ్యి, అక్కడ లేని బుట్టను సర్దబోతున్నట్టు మాటిమాటికీ తలమీదికి వెళ్తోంది.