కింది మూత విప్పిన రోజు

“ల్యాప్‌టాప్ ఈడ పెట్టిపోండి మేడమ్, సాయంత్రం వచ్చి తీస్కపోండి,” అన్నాడు జాన్.

“పెట్టను. నా కండ్ల ముందరే విప్పల్ల. విప్పేది గూడా నేనే,” అంది యశోద.

హిందూపురం బజారులోని ఆ చిన్న రిపేరు షాపులో ఇలాంటి గిరాకీ ఎప్పుడూ రాలేదు.

“మరి నాకేం పని?”

“పక్కన నిలబడి చెప్పు.”

యశోదది ధర్మవరం. పట్టుచీరల అంచులకు కంప్యూటర్లో డిజైన్లు గీస్తుంది. పోయినేడు ఆ ఊళ్లోనే ఎవడో రిపేరుకని తీసుకుని, స్క్రూడ్రైవర్‌తో మూత పెకలించి, అంచు విరగ్గొట్టి, పైగా ఆమెనే దబాయించాడు. ఇప్పుడా ల్యాప్‌టాప్ పెనంలా కాలి, పని మధ్యలో ఆగిపోతోంది. మళ్లీ ఇంకొకరి చేతికివ్వడం ఆమె వల్ల కాదు.

జాన్ నవ్వాపుకుని స్టూలు జరిపాడు. “సరే. షట్‌డౌన్ చెయ్. ఛార్జర్ పీకు. ఈ బల్ల ఇనప కాలు ఒకసారి ముట్టుకో.”

“యాల? మొక్కల్లనా?”

“ఒంట్లో కరెంటు దిగిపోవల్ల. నీకు కొంచెం ఎక్కువే ఉండాది.”

ఆమె గుర్రుగా చూసి, ముట్టుకుంది. కింది మూత స్క్రూలు ఒక్కొక్కటే తీసి, ఎక్కడివక్కడ తెలిసేలా కాగితం మీద పేర్చింది. పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే లోపల బోర్డు పాడవుతుందని జాన్ చెప్పాడు. తర్వాత పలచటి ప్లాస్టిక్ ముక్కను అంచులో దూర్చి మెల్లగా జరపమన్నాడు. మూడు వైపులా టక్ టక్‌మని వదిలింది. నాలుగో మూల రాలేదు. యశోద పళ్లు బిగించి లాగింది.

“ఆగు!” జాన్ ఆమె చెయ్యి పట్టేశాడు. “రాలేదంటే ఇంకేదో పట్టుకోనుండాదని. ఆ రబ్బరు కింద చూడు.”

రబ్బరు కాలి కింద ఇంకో స్క్రూ.

“ముందే చెప్పచ్చు కదా!”

“నువ్వు చెప్పనిస్తే కదా!”

ఇద్దరూ ఒకరినొకరు కోపంగానే చూసుకున్నారు. చెయ్యి మాత్రం ఎవరూ తీయలేదు.

మూత ఊడింది. ముందు బ్యాటరీ వైరు తీయించాడు. ఫ్యాను నిండా దుమ్ము, పట్టు నూలు పోగులు. బ్రష్‌తో దులిపి బిగించాక ల్యాప్‌టాప్ చల్లగా నడిచింది.

కొన్నాళ్లకు ఆమె మళ్లీ వచ్చింది.

“కీబోర్డు సరిగ్గా లేదు.”

జాన్ అంతా నొక్కి చూశాడు. “బాగుండాదే!”

“తెలుసు,” అంది యశోద.

అప్పట్నుంచి ఆదివారాలు ఇద్దరూ సగం దూరంలో కలిసేవారు, పెనుకొండలో. కొండ మీద వానకు తడిసిన ఒక రోజు, “చర్చి ఎగ్గొట్టి వచ్చినా,” అన్నాడు జాన్. “నేను గుడి ఎగ్గొట్టినా,” అందామె. అంతకంటే వేరే ఒప్పుకోలు అక్కర్లేకపోయింది.

విషయం ఇంట్లో తనే చెప్పింది. నాయన ఓబుళప్ప మగ్గం ఆపాడు. “కిరస్తానమోళ్ల పిల్లోడా? మళ్లీ ఆ పక్కకు పోతే కాళ్లిరగ్గొడతా.”

“నేను పోను నాయనా. ఆయన్నే ఈడికి రమ్మంటా.”

జాన్ వాళ్లమ్మ ప్రమీలతో వచ్చాడు. ఓబుళప్ప కూర్చోమనకుండానే అడిగాడు. “మా గుడికొచ్చి మొక్కుతావా?”

“మొక్కను. ఆమె మొక్కేటప్పుడు బయట కాచుకోనుంటా. చర్చికి రమ్మని ఆమెను గూడా అడగను.”

“ఊరికే మాటలు! మా వీధిలో నేను తలెత్తుకుని తిరగల్ల.”

యశోద లోపలి నుంచి వచ్చి జాన్ పక్కనే నిలబడింది. “ఎత్తుకునే తిరుగు నాయనా. మేమేం దొంగతనం చేసినామా?”

ప్రమీల కొడుకు భుజం తట్టి, “పోదాం పద,” అంది.

“యాడికమ్మా పోయేది?” ఓబుళప్ప గుమ్మానికి అడ్డం వచ్చాడు. కూతురి వైపే చూస్తున్నాడు. “పొయ్యి మీద అన్నం ఉడుకుతాండాది. దొంగతనమేం చేయలేదు గదా, తిని పోండి. గుళ్లో చేసేది లేదు, చర్చిలో చేసేది లేదు. రిజిస్ట్రాఫీసులోనే చేద్దాం. మొదటి సాక్షి సంతకం నాది. మా వీధిలో ఎవడు ఏమంటాడో నేనూ చూస్తా!”