పదకొండో పేరు

"మందులు చేరాయి."

హెర్న్‌డన్‌లో ఒక టాక్స్ ఆఫీస్ బోర్డు వెనకున్న గదిలో, స్క్రీన్ మీద ఆ రెండు మాటలే ఉన్నాయి. గూఢచారి యూనిట్ చీఫ్ లక్ష్మీపతి వాటిని వేలితో తట్టాడు.

"నిన్న సియాటిల్ నుంచి వెళ్ళిన మెసేజ్. ఏమర్థమైంది?"

"డ్రగ్ స్మగ్లింగా సార్?" అంది ఏజెంట్ దేదీప్య.

"కాదమ్మా. 1918లో రష్యా చక్రవర్తి కుటుంబాన్ని బంధించినప్పుడు, మహారాణి కూతుళ్ళకి రాసే ఉత్తరాల్లో నగల్ని 'మందులు' అనేది. కోడ్ వర్డ్. ఆ పిల్లలు వజ్రాల్ని లోపలి బట్టల్లో పెట్టి కుట్టుకున్నారు. కాల్చిన రోజు కొన్ని గుళ్ళు వాటికి తగిలి పక్కకి పోయాయి. అయినా ప్రాణం దక్కలేదు. పోవడం ఆలస్యమైంది, అంతే."

దేదీప్య చేతిలోని డోనట్‌ని మళ్ళీ పెట్టెలో పెట్టేసింది.

"ఇప్పుడా కోడ్ ఒక విదేశీ రింగ్ వాడుతోంది. చక్రవర్తి కొడుకు బతికి బయటపడ్డాడని, వాడి మునిమనవణ్ణి నేనేనని చెప్పుకోవడానికి ఒకణ్ణి తయారుచేశారు. దొంగ డీఎన్‌ఏ రిపోర్టులు రెడీ. వెనకాల ఆయుధాల వ్యాపారులు. అడ్డం ఒక్క మనిషే. పేరు వేరా. ఎనభై తొమ్మిదేళ్ళు, సియాటిల్ పక్కన బాతెల్‌లో ఉంటుంది. వాళ్ళ తాత ఆ జైలు ఇంటికి కాపలా సైనికుడు. చనిపోయిన వాళ్ళందరి పేర్లూ, ఆ కొడుకు పేరుతో సహా, నోట్‌బుక్‌లో రాసిపెట్టాడు. రేపు ఆవిడ వాంగ్మూలం వీడియో తీయాలి."

"నా కవర్?"

"వీడియోగ్రాఫర్. ట్రాన్స్‌లేటర్‌గా లారిసా ముందే అక్కడుంటుంది. ఆరేళ్ళుగా మన మనిషే."

"గాడ్జెట్?"

లక్ష్మీపతి చిన్న డబ్బీ ముందుకు తోశాడు. లోపల వెండి మెట్టెలు. పెళ్ళయి మూడు వారాలే అయిన దేదీప్య మొహం వెలిగిపోయింది.

"ఎడమ కాలిది నేలకేసి మూడుసార్లు నొక్కు. టీమ్ వచ్చేస్తుంది."

"నా సైజ్ ఎలా తెలిసింది సార్?"

"మన ఉద్యోగమే అది కదమ్మా."

*

మర్నాడు ఉదయం పది గంటలు. బాతెల్‌లో సన్నగా వాన. దేదీప్య గుమ్మంలో బూట్లు విప్పి లోపలికి అడుగుపెట్టింది. గోడల మీద ఒక్క ఫొటో కూడా లేదు.

"మా తాత జీవితంలో ఫొటో దిగలేదు," అంది వేరా, ఆమె చూపు గమనించి. "ఫొటో తీస్తామని చెప్పే ఆ కుటుంబాన్ని కింద గదిలోకి దించి కాల్చారట."

"కూర్చోండి ఆంటీ."

ఆ పిలుపు వేరాకి నచ్చింది. చేయి పట్టుకుని వదల్లేదు. "ఆ ఇంటి కిటికీలకి సున్నం పూసేశారు, ఆకాశం కనపడకుండా. ఒక పిల్ల ఉండబట్టలేక కిటికీలోంచి తల బయటపెడితే కాపలావాడు తుపాకి పేల్చాడు. అది నేను కాదు, నేను కాదు అని తాత చచ్చేదాకా చెప్పాడు. ఎవరూ అడక్కుండానే."

లోపల్నుంచి లారిసా వచ్చింది. పచ్చటి సిల్క్ డ్రెస్, వెండిరంగు జుట్టు. గది మొత్తం ఆమె సెంటుతో నిండిపోయింది.

"ఇక్కడ వాన చప్పుడు రికార్డవుతుంది. బేస్‌మెంట్‌లో లైట్ సెట్ చేశాను. దిగుదామా?"

వేరా మొదటి మెట్టు మీదే ఆగిపోయింది. "బట్టలుతకడానికి తప్ప నేను కిందికి దిగను."

"పది నిమిషాలే," అంది లారిసా తియ్యగా.

దిగారు. కింద తెల్లటి లైటు. దాని ముందు రెండు కుర్చీలు.

వేరా వేళ్ళు దేదీప్య మణికట్టు మీద బిగుసుకున్నాయి. "ఆ రోజు కూడా రెండే వేశారు. తల్లికొకటి, జబ్బుపడ్డ పిల్లాడికొకటి."

"మరి నిలబెట్టి మాట్లాడించమంటారా?" అని నవ్వింది లారిసా.

వేరా కూర్చుని, ఒళ్ళో నోట్‌బుక్ తెరిచింది. "పదకొండు మంది. కుటుంబం ఏడుగురు, వదిలి వెళ్ళలేని వాళ్ళు నలుగురు. తర్వాత రాకుమారిని నేనేనని ఎందరో వచ్చారు. పనిమనిషిని నేనేనని ఒక్కరూ రాలేదు."

దేదీప్య కెమెరాని ఆ పేజీ వైపు సర్దింది.

"మీకు కాఫీ తెస్తాను. ఐదే నిమిషాలు," అంది లారిసా. రెండో కుర్చీ అంచున కూర్చుంది, హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని. మాట లేదు. ఒకటి, రెండు, మూడు క్షణాలు. లేచి చకచకా మెట్లెక్కింది.

దేదీప్యకి నవ్వొచ్చింది. "మా అత్తగారూ అంతే ఆంటీ. బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే, కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగిస్తేగాని గడప దాటనివ్వరు."

వేరా నవ్వలేదు. "మాకు తుమ్ముతో పని లేదు. దూరప్రయాణానికి ముందు అందరం అలా కూర్చుంటాం. మనం అనుకోకపోయినా ఒళ్ళు దానంతటదే కూర్చుంటుంది." మెట్ల వైపు చూసింది. "కానీ కాఫీకి వెళ్ళేవాళ్ళు ఎవరూ కూర్చోరు."

పైన తలుపు గడియ పడింది.

దేదీప్య ఎడమ కాలు మూడుసార్లు నేలకి నొక్కింది. ఒక్క గంతులో లైటు వెనక్కి వెళ్ళింది. స్టాండుకి బిగించిన బూడిదరంగు సిలిండర్. గ్యాస్! దాని మీద ఎర్రటి అంకెలు: 40. 39.

మందులు చేరాయి. ఇక్కడికే.

కిటికీ చూసింది. ఎత్తులో ఉంది, ఇరుకు. ఈవిడ పట్టదు. తలుపు ఓక్ చెక్క. టీమ్ రావడానికి రెండు నిమిషాలు.

"కెమెరా ఆన్ చెయ్యి," అంది వేరా. "మనం పోయినా పేర్లుండాలి."

దేదీప్య బటన్ నొక్కి, సిలిండర్ బోల్టు మీద పడింది. వేరా చదవడం మొదలుపెట్టింది. "నికోలాయ్. అలెగ్జాండ్రా. ఓల్గా. తాత్యానా..."

24. బోల్టు కదలదు. చున్నీ చుట్టి తిప్పింది. గోరు విరిగింది.

"మరియా. అనస్తాసియా. అలెక్సీ, పదమూడేళ్ళు."

15. బోల్టు ఊడింది. ఇప్పుడు ఎక్కడ పెట్టాలి? మూలన గుండ్రటి అద్దం తలుపుతో వాషింగ్ మెషిన్ కనిపించింది.

"ఆంటీ! ఆ మెషిన్ లీకవుతుందా?"

"పోయిన నెలే కొన్నాను. డాక్టర్ యెవ్గెనీ. వంటవాడు ఇవాన్. సేవకుడు అలొయ్‌జీ."

5. సిలిండర్ డ్రమ్‌లో పడింది. 3. తలుపు అంచులో చున్నీ కొస ఇరుక్కుంది. లాగింది. 2.

"పనిమనిషి, అన్నా."

టక్.

లోపల బుసకొట్టిన చప్పుడు. అద్దం వెనక డ్రమ్ మెల్లగా తెల్లబడింది, సున్నం పూసిన కిటికీలా. దేదీప్య ట్రైపాడ్‌తో పైకిటికీ పగలగొట్టింది. వాన గాలి లోపలికొచ్చింది. వేరా ఆ కొంచెం ఆకాశాన్నే చూస్తూ ఏడ్చింది.

*

పైన తన వేలిముద్రలన్నీ తుడిచి బయటికొచ్చిన లారిసా డ్రైవ్‌వేలో, కారు డోర్ మీద చేయి వేస్తుండగా దొరికింది. రాత్రే సియాటిల్‌లో దిగిన లక్ష్మీపతి పావుగంటలో టీమ్ వెనకే వచ్చాడు. బాంబ్ స్క్వాడ్ కారు సీటు కిందనుంచి ఒక పెట్టెని జాగ్రత్తగా బయటికి తీసింది.

"ఇది మీకు," అన్నాడు లక్ష్మీపతి లారిసాతో. "తాళం తిప్పితే చాలు, పేలేది. మీవాళ్ళు సాక్షుల్ని మిగల్చరుగా."

లారిసా ఆ పెట్టెని చూసింది. మొహానికి రాసుకున్న రంగు తప్ప మరే రంగూ మిగల్లేదు.

"ఎలా కనిపెట్టావు?" అని దేదీప్యని అడిగింది.

"వెళ్ళేముందు కూర్చున్నారు."

"మా అమ్మమ్మ అలవాటు. కూర్చోకపోతే ప్రయాణం చెడుతుందనేది."

"కూర్చున్నా చెడిందిగా?"

"లేదమ్మాయ్," అంది లారిసా, కళ్ళు ఆ పెట్టె మీంచి తిప్పకుండా. "కూర్చోకపోతే ఈపాటికి పైకే చేరిపోయేదాన్ని."

లక్ష్మీపతి వ్యాన్ తలుపు తీశాడు. "ఇక బయల్దేరదామా?"

లారిసా బేడీల చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని, తడిసిన మెట్టు మీద నింపాదిగా కూర్చుంది. ఎంత లేదన్నా ముప్పై ఏళ్ళ ప్రయాణం. దేదీప్య తొందరపెట్టలేదు.