తొమ్మిదో గదిలో చప్పుడు

ఆ పిల్లల ఆసుపత్రిలో తొమ్మిదో గదికి మంచి పేరు లేదు. అందులోకి వెళ్లిన పిల్లలు తిరిగిరారనీ, అర్ధరాత్రి దాటాక లోపల ఎవరో పిల్లల్ని కొడుతున్న చప్పుడు వినిపిస్తుందనీ అందరూ చెప్పుకునేవారట. ఏ మందుకీ లొంగని న్యుమోనియా పిల్లల్నే ఏరి అందులో పెడతారు. కొందరు దక్కరు. తిట్లు మాత్రం గదికి! మనవాళ్ల తెలివి అలా ఏడిసింది.

అలాంటి తెలివిగల పెద్దమనిషే టైర్ల షాపు మేనమామ. నాలుగేళ్ల మేనకోడలు ఆ గదిలో చేరి ఆరు రోజులైంది. మూడు యాంటీబయాటిక్స్ పనిచెయ్యలేదు. గుండెల నిండా కఫం, దగ్గే ఓపిక పిల్లకి లేదు. డాక్టరు నాలుగో మందు మొదలుపెట్టి, తోడుగా ఫిజియోథెరపీ రాశాడు.

మధ్యాహ్నం ఫిజియోథెరపీ అమ్మాయి వస్తే ఈయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"మందులకే లొంగనిది వీపు తడితే లొంగుతుందా? టైరు పంక్చరైతే పైన తట్టి ఊరుకుంటామా?"

"మందు పని మందుదేనండీ. కఫం బయటికి రావాలి కదా?"

"చాల్లేమ్మా, మాకు తెలుసు!"

ఏం తెలుసో ఆ దేవుడికే తెలియాలి. ఆ అమ్మాయి వెనుదిరిగింది. పిల్ల తల్లి, అంటే ఈయన చెల్లెలు, కాసేపటికి మంచినీళ్లకని వెళ్లి, అరగంటకి గానీ రాలేదు.

రాత్రి వాచ్‌మన్ దెయ్యం సంగతి చెబితే ఈయన మీసం మెలేసి నవ్వాడు. తర్వాత వరండా బెంచీ మీద గుర్రు పెట్టాడు.

ఒంటిగంటకి...

డబ్... డబ్... డబ్...

కళ్లు తెరిచాడు. చప్పుడు ఆగింది... మళ్లీ మొదలైంది. తొమ్మిదో గదిలోంచే!

మీసం సంగతి దేవుడెరుగు, ముందు చెప్పులు వెతుక్కున్నాడు. పారిపోయేవాడే... కానీ లోపలున్నది మేనకోడలు. గోడ పట్టుకుని వెళ్లి, తలుపు అద్దంలోంచి చూశాడు.

మసక వెలుతురు. మంచం మీద జుట్టు విరబోసుకున్న ఆకారం... దాని ఒళ్లో బోర్లా పడి ఉన్న పిల్ల... ఆ చెయ్యి లేస్తోంది... వీపు మీద పడుతోంది...

తలుపు తొయ్యబోయాడు.

ఉన్నట్టుండి పిల్ల దగ్గింది. గట్టిగా... మళ్లీ ఇంకా గట్టిగా! ఆకారం కఫం గిన్నెలో పట్టి, పిల్ల మూతి తుడిచి, తలెత్తింది.

చెల్లెలు!

వీపు మీద తువ్వాలు పరిచి, అరచెయ్యి దొప్పలా వంచి తడుతోంది. మంచం పక్కన మిషన్ మీద ఆక్సిజన్ ఎనభై ఎనిమిది కాస్తా తొంభై రెండు అయింది.

"ఎన్నేళ్ల నుంచో ఈ గదిలో తల్లులే చేస్తున్నారు," వెనక నుంచి నర్సు గుసగుసగా అంది. "రాత్రిళ్లు ఫిజియోథెరపీ వాళ్లు ఉండరు. పగలే నేర్పి వెళతారు."

"మరి దెయ్యమని..."

"అననివ్వండి. దెయ్యముందంటేనే కదా, సలహాలిచ్చేవాళ్లు లోపలికి రానిది!"

ఆయన తల దించుకున్నాడు. చెల్లెలు తలుపు తీసింది.

"చెయ్యి లాగేస్తోంది అన్నయ్యా. మళ్లీ నాలుగింటికి చెయ్యాలి. చేతులు కడుక్కుని, మాస్కు పెట్టుకుని రా... నేర్పుతాను."

తెల్లారాక వాచ్‌మన్ పరుగున వచ్చాడట.

"విన్నారా అయ్యా? నాలుగింటికి దెయ్యం మారింది! కొత్తదానికి బొత్తిగా తాళం లేదు."

నొప్పెడుతున్న మణికట్టు నొక్కుకుంటూ మేనమామ, "నేర్చుకుంటుందిలే," అన్నాడు.