నిజాంసాగర్‌లో షబ్నం

అబ్బాస్ పడవను వేళ్ల కణుపులతో కొట్టి చూశాడు. టక్కుమని గట్టిగా మోగింది. అసలైన టేకు. ఇంకోచోట కొట్టాడు.

"ఏంది, తలుపు కొడుతున్నవ్? లోపల ఎవ్వరు లేరు!"

ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. పడవ కిందినుంచి ముందు రెండు చేతులు వచ్చాయి, తర్వాత ఒక తల. చెంప మీద డాంబర్, జుట్టులో దూది పోగులు. కోపంగానే చూస్తోంది కానీ ఆ కళ్లు మాత్రం నవ్వుతున్నట్టే ఉన్నాయి.

"ఖయ్యూం చాచా పడవ అమ్ముతడన్నరు. చూద్దామని వచ్చిన."

"పడవ కావాల్నా, పలకలు కావాల్నా?"

అబద్ధం నోటికి రాలేదు. "పలకలే. ఇంటికి తలుపులు చేసుకుందామని."

"అయితే పో. కామారెడ్డిల కట్టె డిపోలు మస్తున్నయ్."

అది 1985 ఎండాకాలం. నిజాంసాగర్ నీళ్లు బాగా వెనక్కి పోయాయి. ఒడ్డున దుంగల మీద నిలబెట్టిన ఆ పడవ పేరు షబ్నం. ఎప్పుడో ఒక పెద్ద ఇంజనీరు షికారుకని బొంబాయి నుంచి తెప్పించుకున్న తెరచాప పడవ. లోపల రెండు పడకలతో చిన్న గది కూడా ఉంది. ఆయన బదిలీ అయి పోతూ, దాన్ని నడిపిన ఖయ్యూంకే ఇచ్చి వెళ్లాడు. ఇప్పుడు ఖయ్యూంకు మోకాళ్ల నొప్పులు. పడవ పనంతా కూతురు తాహేరాదే.

మహమ్మద్‌నగర్‌లోని ఇంట్లో ఖయ్యూం చాయ్ పోసి ఉన్నమాట చెప్పాడు.

"చూడనీకి వచ్చినోళ్లందరు డాంబర్ వాసన అని లేచి పోతున్నరు బేటా. ఆ పడవ ఉన్నన్ని దినాలు నా బిడ్డకు పెండ్లి కాదు. తీస్కపో."

తలుపు చాటున గాజులు గట్టిగా చప్పుడయ్యాయి.

అబ్బాస్‌ది ఎల్లారెడ్డి. షార్జాలో పడవలు కట్టే చోట వడ్రంగి. తల్లి షంషున్నీసా పిల్లను చూస్తానంటే సెలవు మీద వచ్చాడు. రోజూ పడవల మధ్యే బతికినవాడికి, దీన్ని గొడ్డలితో చీల్చడం అనుకోగానే ఎందుకో చెయ్యి ఆడలేదు.

"అడుగున ఒక్క పలకనే పుచ్చింది చాచా. మిగిలినదంతా మంచిగుంది. నేను కొనను. బాగు చేస్త."

"నిన్ను ఎవరడిగిండ్రు?" అంది చాటునున్న గొంతు.

ఎవరూ అడగలేదు. అయినా మర్నాడు పనిముట్ల సంచితో దిగాడు.

పుచ్చిన పలక తీసి కొత్తది బిగించాడు. ఆమె పలకల సందుల్లో దూది కూరుతుంటే అతను పైన డాంబర్ పూసేవాడు. చినిగిన తెరచాపకు ఆమె మాసికలు వేసేది. పని ఎంత నడిచేదో కొట్లాట అంతకన్నా ఎక్కువ నడిచేది.

"దీనికి డీజిల్ ఇంజన్ పెడదం. గాలి లేకున్నా ఉరుకుతది."

"ఇంజన్ పెడితే గాలి అలుగుతది."

"గాలి అలుగుడేంది?"

"నీకు తెల్వదు. నీకు అలిగేటోళ్లు లేరు గద."

"ఇప్పుడిప్పుడే అయితున్నరు" అన్నాడు అబ్బాస్ నెమ్మదిగా.

ఆమె వినలేదనుకున్నాడు. కానీ కూరుతున్న దూది చేతిలోనుంచి జారి పడింది. ఇంజన్ ఊసు అతను మళ్లీ ఎత్తలేదు. దాని బదులు గదికి కిటికీ పెట్టాడు.

వానలు పడ్డాయి. నీళ్లు పడవ దాకా ఎక్కాయి. గంగారాం, తోటి జాలర్లు తలా ఒక చెయ్యి వేసి షబ్నంను నీళ్లలోకి నెట్టారు. అందరూ కేక వేశారు. ఆ కేక ఆగకముందే పలకల సందుల్లోంచి నీళ్లు లోపలికి ఊరడం మొదలైంది.

తాహేరా ముఖం పాలిపోయింది. బకెట్‌తో తోడుతూ అరిచింది. "ముంచినవ్! మా అబ్బా పడవను ముంచినవ్!"

"ఎండిన కట్టె తాహేరా. పలకలు నీళ్లు తాగాలె. తాగి ఉబ్బితే సందులు వాటంతటవే మూసుకపోతయ్. జర ఓపిక పట్టు."

"నీ ఓపిక నీ షార్జాల చూపెట్టుకో. పో!"

అతను చేతులు తుడుచుకుని బస్సెక్కాడు.

ఆమె తోడుతూనే ఉంది. వారం తిరిగేసరికి బకెట్‌కు పని లేకుండా పోయింది. పడవ అడుగు పొడిగా ఉంది. ఆ పొడి చెక్కను తడిమి చూసుకుని తాహేరా కాసేపు ఏడ్చింది. తర్వాత బురఖా వేసుకుని ఎల్లారెడ్డి బస్సెక్కింది.

అబ్బాస్ ఇంటి ముందు చాలా చెప్పులున్నాయి. లోపల మిఠాయి పళ్లెం, కామారెడ్డి నుంచి పెళ్లి సంబంధానికి వచ్చిన చుట్టాలు. "ఎవరు బేటీ?" అంది షంషున్నీసా.

"పడవ ఖయ్యూం బిడ్డను." అబ్బాస్ లేచి నిలబడ్డాడు. తాహేరా అతని వైపు చూడకుండానే చెప్పింది. "పడవ కారుతలేదు. గదే చెప్పిపోదామని వచ్చిన."

అతను చెప్పులు వెతుక్కుని వీధిలోకి వచ్చేసరికి బస్సు కదిలిపోయింది. వెనక్కి వచ్చి, చుట్టాల ముందే తల్లికి ఉన్నదంతా చెప్పేశాడు. తర్వాతి బస్సులో వెళ్లేటప్పటికి ఒడ్డు ఖాళీగా ఉంది. షబ్నం నీళ్ల నడుమ ఉంది. తెరచాప గాలికి పటపటా కొట్టుకుంటోంది.

"తాహేరా!"

వినపడలేదు. మధ్యలో గంగారాం పుట్టిలో కూచుని వల వేస్తున్నాడు.

"గంగారాం కాకా, ఏమంటుండు?" అని అటునుంచి ఆమె.

"ఏమంటున్నవ్ పిలగా?" అని గంగారాం ఇటు తిరిగాడు.

"ఆ సంబంధం నాకొద్దన్న!"

"వద్దన్నడట!" అని గంగారాం అటు అరిచాడు.

"ఎందుకట?"

"వేరే పిల్ల దొరికింది, అమ్మీకి చెప్పేసిన అను!"

"ఎవరో దొరికిందట బిడ్డా!"

 తెరచాప పటపటల్లోంచి సన్నగా వచ్చింది ఆమె గొంతు. "ఎవరు?"

గంగారాంకు విసుగొచ్చింది. "నువ్వేనే తల్లీ! ఇగ ఒడ్డుకు తీస్కరా. నా చేపలన్ని బెదురుతున్నయ్!"

ఒడ్డున బట్టలుతుకుతున్న ఆడవాళ్లు పగలబడి నవ్వారు. పడవ మెల్లగా మళ్లింది. దగ్గరికొచ్చాక అబ్బాస్ మోకాలి లోతు నీళ్లలోకి దిగి తాడు అందుకున్నాడు.

"షార్జా?" అంది ఆమె తల వంచుకుని.

"పోను. ఈడ పడవలు, బండ్లు చేసుకుని బతుకుత. నువ్వు సరేనంటే."

ఆమె ముందుకు వంగింది. చేయి పట్టి పడవలోకి లాగింది.

శుక్రవారం షంషున్నీసా తనే వచ్చింది. ముఖం గంటు పెట్టుకునే వచ్చింది. పడవ ఊగితే భయపడి తాహేరా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తాహేరా ఆమెను కొత్త కిటికీ దగ్గర కూచోబెట్టింది. డాంబర్ వాసన అని ఆమె అననే లేదు.

"నిజంగ వాడు పోడా?" అంది చివరికి.

"పోనన్నడు ఖాలా."

"ఆరేండ్ల సంది నేను ఏడ్సుకుంట అడిగితే ఇనలేదు." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నువ్వేం చెప్పినవ్?"

"పొమ్మన్న."

షంషున్నీసాకు నవ్వు ఆగలేదు. ఒడ్డున నిలబడ్డ ఖయ్యూం వైపు చెయ్యి ఊపి, "భాయ్‌సాబ్, ఈద్ అయినంక నికా పెట్టుకుందాం!" అని కేకేసింది. తర్వాత కోడలి వైపు తిరిగింది.

"గా తాడు జర నాకియ్యి. ఎట్ల గుంజాలె?"

తాహేరా ఆమె చేతుల మీద తన చేతులు వేసి లాగింది. తెరచాప గాలి నింపుకుంది. షబ్నం కదిలింది.