మూడో సంతకం

"బీరువాలో మా చెల్లికి ఒక అర ఖాళీ చేస్తే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు భర్త, నాలుగోసారి.

"మూడు చేశాను. మిగిలింది మీ అమ్మ మందులది," అంది ఆమె, పిండి కలుపుతూ.

"ఆడపడుచంటే ఆమాత్రం అభిమానం ఉండదా," అత్తగారు అందుకుంది.

ఆ ఆడపడుచు అద్దం ముందు పెదాలకు రంగు దిద్దుకుంటోంది. "వాళ్ళ గోలకేం, వదినా. మా ఆసుపత్రి పాత పర్మిషన్ గడువు పెంచమని నీ ఫోన్‌కి పంపాను. ఇదొక్కటి నొక్కెయ్."

ఆమె చూడకుండానే, పిండి అంటని చిటికెన వేలితో నొక్కింది.

పావుగంటకి ఫోన్ మోగింది. "పాలు విరిగాయి," అంది అవతలి గొంతు, సంకేతంగా.

"తోడు పెట్టేశాను," అంటూ సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

ఇంట్లోవాళ్ళకి ఆమె ఆసుపత్రుల నెట్‌వర్క్ ఆఫీసులో గుమాస్తా. ప్రభుత్వ నిఘా డిపార్ట్‌మెంట్‌కి పద్దెనిమిదేళ్ళుగా రహస్య ఏజెంట్. అక్కడ ఆమె పేరు పిన్ని. ఆసుపత్రులన్నిటి రక్తనిల్వలూ ఒకే బ్లాక్‌చెయిన్ మీద, అంటే రాసింది చెరపలేని ఉమ్మడి డిజిటల్ చిట్టా మీద నడుస్తాయి. దానిమీద కొత్త స్మార్ట్ కాంట్రాక్ట్, అంటే తనంతట తానే అమలయ్యే నిబంధన, పెట్టే హక్కు ఎవరికివ్వాలో ఐదుగురు సంరక్షకులు తేలుస్తారు. ముగ్గురి సంతకం చాలు. ఆమె ఐదుగురిలో ఒకతె.

"విదేశీ ముఠా అడ్రస్‌కి కాంట్రాక్ట్ పెట్టే పర్మిషన్ ఇచ్చేశారు," అన్నాడు ఫోన్‌లో డిపార్ట్‌మెంట్ చీఫ్. "పదింటికి అమల్లోకొస్తుంది. ఆ తర్వాత ఏ ఆసుపత్రీ ఒక్క సంచి రక్తం బయటికి తియ్యలేదు."

"సంతకాలెవరివి?"

"మిగతా ఇద్దరూ చదవలేదు. నువ్వు చూడకుండా పెట్టవుగా అనుకున్నారు. మూడోది నీదే."

ఆమె తెరమీద టైమ్ చూసింది. తొమ్మిది యాభై రెండు.

"నాచేత నొక్కించింది మా ఆడపడుచు. ఆమె సంగతేంటి?"

"ముఠాలోకి మేం పంపిన మనిషే. ఇప్పుడు వాళ్ళ మనిషి కూడా. వీటో వెయ్యి, ఆ పర్మిషన్ రద్దవుతుంది. ఆమె పేరు మాత్రం ఎత్తకు, పైవాళ్ళకి ఆమెతో ఇంకా పనుంది. తప్పంతా నీదని రాసెయ్."

"నా ఇంట్లో పెట్టి, నాకెందుకు చెప్పలేదు?"

"నీ మొహంలో తెలిసిపోతుందని."

కట్టుకున్నవాడికే పద్దెనిమిదేళ్ళు ఏమీ తెలియనివ్వని మొహం. ఆమె ఫోన్ పెట్టేసింది.

వేలిముద్రతో నడిచే వీటో తాళంచెవి ఆ గదిలోనే దాచిన కళ్ళజోడు పెట్టె అడుగున ఉంది. ఒక్కసారికే పనిచేస్తుంది. వేసినవాళ్ళ పేరూ, కారణమూ ఊరంతా చదువుకోవచ్చు; ఎప్పటికీ చెరగవు. అంటే ఏజెంట్ పిన్ని కథ ముగిసినట్టే. ఆమె కారణం టైప్ చేయడం మొదలుపెట్టింది.

తలుపు తోసుకుని ఆడపడుచు వచ్చింది. సెంటు వాసన ముందొచ్చింది.

"అది వేస్తే నీ బతుకు బజారున పడుతుంది, వదినా."

"తెలుసు."

"చదవకుండా నొక్కానని నీ చేత్తో నువ్వే రాస్తావా?"

"రాశాను. ఎవరు నొక్కించారో కూడా రాశాను."

ఆడపడుచు పెట్టె లాక్కోబోయింది. ఆమె మోచేత్తో నెట్టి, బొటనవేలు అదిమింది. పదింటికి ఇంకా మూడు సెకన్లు. తెరమీద ఒకటే మాట: రద్దు.

ఆడపడుచు మొహాన రంగు ఒక్క పెదాలకే మిగిలింది.

హాల్లో భర్త, అత్తగారు ఇంకా అర గురించే తేలుస్తున్నారు. ఆమె చేతులు కడుక్కుని వచ్చి, వాళ్ళెదురుగా కూర్చుంది.

"నేను రాసింది చదివి కాసేపట్లో పోలీసులొస్తారు. మీ చెల్లెలిని తీసుకెళ్తారు. సాక్ష్యం చెప్పడానికి నేనూ వెళ్తున్నాను. చెప్పొద్దని మా పైవాళ్ళు అడుగుతారు, మీరూ అడుగుతారు. చెప్తాను." కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "పిండి కలిపి ఉంచాను. వత్తుకోవడం మీకెవరికైనా వస్తే."