నల్లముసుగు ఆఖరి ఎపిసోడ్

"ఆయన వాళ్ళ నాన్న కాదు సార్."

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ కోచింగ్ సెంటర్‌లో రీజనింగ్ సార్ వంశీకృష్ణ మాటకు ఎదురు చెప్పినవాళ్ళు అంతవరకూ లేరు. ఇప్పుడు చెప్పింది కూడా ఎవరో కాదు, రిసెప్షన్‌లో చేరి వారం కూడా కాని జోస్నా.

వంశీకృష్ణ తన చేతిలోని కప్పు వంక చూసుకున్నాడు. దాని మీద నల్లముసుగు వేసుకున్న మనిషి బొమ్మ, కింద 'నాన్న వచ్చాడు' అన్న అక్షరాలు.

"ఏవండీ, మీరసలు 'గాలికోట' కార్టూన్ చూశారా?"

"చూసిన. పోయిన నాన్న వేరే, గీ నల్లముసుగు వేరే."

"ఇద్దరి గొంతూ ఒకటేనండీ! మా ఫ్యాన్స్ గ్రూప్‌లో పదమూడు వేలమంది ఉన్నారు, ఎవర్నైనా అడగండి."

"పదమూడు వేలమంది గలిసి తప్పు చెప్తే ఒప్పయితదా సార్? రీజనింగ్‌ల గిట్లనే చెప్తరా?"

పక్కనున్న స్టూడెంట్లు కిసుక్కున నవ్వారు. సార్‌కి చెవులు ఎర్రబడ్డాయి. గొడవతో మొదలైంది గనక ఇక ప్రేమ తప్పదని మీరు ఊహించే ఉంటారు. తప్పలేదు. వానలు మొదలయ్యేసరికి ఒకే గొడుగు కింద మెట్రో స్టేషన్ దాకా నడవడం అలవాటైపోయింది. గొడుగు అతనిదే అయినా తడిసేది మాత్రం ఎప్పుడూ అతని భుజమే.

ఆ కార్టూన్ సంగతి కాస్త చెప్పాలి. జపాన్‌లో తీస్తే తెలుగులో డబ్ చేసి, ఇరవై ఏళ్ళ కిందట ప్రతి ఆదివారం టీవీలో వేసేవారు. చిన్నా అనే పిల్లవాడు సముద్రంలో తప్పిపోయిన నాన్నను వెతుక్కుంటూ పోతాడు. ఆపద వచ్చినప్పుడల్లా నల్లముసుగు వచ్చి కాపాడతాడు. చిన్నా జ్ఞాపకాల్లో మాట్లాడే నాన్నదీ, ముసుగు మనిషిదీ తెలుగులో ఒకటే గొంతు. అసలు సంగతి తేలే ఆఖరి ఎపిసోడ్ రాకముందే ఛానెల్ వాళ్ళు ఆపేశారు. వంశీ వాళ్ళ నాన్న పోయింది కూడా ఆ ఏడాదే. తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఆ గొంతు పట్టుకుని ఏం ఊహించుకున్నాడో వేరే చెప్పక్కర్లేదు.

అది తెలిశాకనే జోస్నాకు నిజం చెప్పడం కష్టమైంది. అయినా ఒకరోజు టీ కొట్టు రేకు కింద, వాన హోరులో చెప్పేసింది.

"గా గొంతు మా డాడీది."

వంశీ టీ గ్లాసు కింద పెట్టాడు. "ఏంటీ?"

"డాడీ చెప్పాల్సింది ఉత్త నల్లముసుగుకే. నాన్న పాత్ర చెప్పేటాయనకు కామెర్లయినయంట. స్టూడియోల పని ఆగొద్దని డాడీతోనే చెప్పిచ్చిన్రు. ఆయన మళ్ళ రాలే, డాడీనే రెండూ చెప్పుకుంట పోయిండు. ఆఖరి ఎపిసోడ్ గూడ చెప్పిండు, టీవీల రాలేదంతే. అండ్ల నల్లముసుగు దీపస్తంభం కాడ కావలుండే మనిషి. చిన్నా వాళ్ళ నాన్న... రాడు వంశీ."

అతను నవ్వడానికి ప్రయత్నించాడు.

"అప్పుడు నువ్వు చిన్నపిల్లవి. తప్పుగా గుర్తుండి ఉంటుంది."

"నా మాట మీద నమ్మకం లేదా?"

"మీ నాన్నగారినే అడుగుదాం. ఫ్యాన్స్ మీట్ పెడదాం, స్టేజీ మీదే తేలిపోతుంది. నువ్వు గెలిస్తే ఆ రోజే మా అమ్మతో మన సంగతి మాట్లాడతాను."

"ఓడిపోతే?"

"అప్పుడూ మాట్లాడతాను."

జోస్నా పకపకా నవ్వింది. ఆ నవ్వులో తన మొదటి ప్రశ్నకు జవాబు రాలేదన్న సంగతి మరిచిపోయింది.

ఎల్బీనగర్‌లో ఒక చిన్న ఫంక్షన్ హాలు. ఆదివారం చర్చి నుంచి అదే తెల్లచొక్కాతో వచ్చాడు జోస్నా వాళ్ళ నాన్న మోహన్. డబ్బింగ్ పని ఏనాడో పోయింది. ఇప్పుడు రికార్డు చేసిన ఆయన గొంతు ఆటో మైకుల్లో ఉల్లిగడ్డలమ్ముతోంది. ఆయన స్టేజీ ఎక్కగానే హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆయన వెనక్కి తిరిగి చూశాడు, తన వెనక ఇంకెవరో ఉన్నారేమోనని.

వంశీ మైకు పట్టుకున్నాడు.

"సార్, నల్లముసుగు ఎవరు?"

మోహన్ వంశీ కళ్ళలోని నీళ్ళను చూశాడు. హాలును చూశాడు. మూడో వరుసలో కూర్చున్న కూతుర్ని మాత్రం చూడలేదు. గొంతు సవరించుకుని, ఇరవై ఏళ్ళనాటి ఆ గొంతుతోనే అన్నాడు.

"చిన్నా... నేనే మీ నాన్నను."

హాలు దద్దరిల్లింది. వంశీ ఆయన్ని వాటేసుకుని ఏడ్చాడు. ఆ సంతోషంలో మైకు వదల్లేదు.

"ఈయన కూతురే, నల్లముసుగు నాన్న కాదని నాతో వాదించింది ఫ్రెండ్స్! సొంత నాన్న గొంతు సంగతే తెలియని కూతుర్ని ఎక్కడైనా చూశారా?"

అందరూ నవ్వారు. ఫోన్లన్నీ ఆమె వైపు తిరిగాయి. జోస్నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళంతా మంట పుట్టింది.

బయట మెట్ల మీద అడిగింది. "నేను అబద్ధం చెప్పిననుకుంటున్నవా?"

"ఇంకా అదే మాటా? ఓడిపోయావు, సరదాగా ఒప్పుకో జోస్నా."

ఇంటికెళ్ళాక తండ్రి తల వంచుకున్నాడు. "గా పిలగాడు ఏడుస్తుంటే నోరు రాలే బిడ్డా. నాకు గన్ని చప్పట్లు కొట్టి ఎన్నేండ్లయిందో నీకెర్కేనా?"

తెల్లారేసరికి ఆ వీడియో గ్రూప్ దాటి ఊరంతా తిరిగింది. సెంటర్‌లో పిల్లలు ఆమెను చూసి 'చిన్నా' అని గొంతు మార్చి పిలిచేవారు. వంశీ వాళ్ళతో కలిసి నవ్వేవాడు, ఆమె కూడా నవ్వుతుందని ఎదురుచూసేవాడు. నెల తిరక్కుండానే ఆమె ఉద్యోగం మానేసి, ఎల్బీనగర్‌లోనే ఒక కళ్ళద్దాల షాపులో చేరింది. అతని ఫోన్లు ఎత్తలేదు.

చలికాలంలో ఎవరో ఆఖరి ఎపిసోడ్ సంపాదించి గ్రూప్‌లో పెట్టారు. ముసుగు తీసిన మనిషి దీపస్తంభం కావలివాడు. చిన్నా నాన్న పడవ ముక్కలు ఒడ్డున ఉన్నాయి.

ఆ సాయంత్రం వంశీ మెట్రో మెట్ల కింద నిలబడి ఉన్నాడు. మనిషి చిక్కిపోయాడు. చూడగానే జోస్నా రెండు మెట్లు గబగబా దిగింది. అతనంటే ప్రేమ పోయిందని ఇన్నాళ్ళూ తనకు తాను చెప్పుకున్నదంతా అబద్ధమని ఆ క్షణంలోనే తెలిసింది.

"నువ్వు చెప్పిందే నిజం జోస్నా. గ్రూప్‌లో అందరి ముందూ సారీ చెప్పాను. అమ్మతో కూడా మాట్లాడాను, ఒప్పుకుంది. ఇప్పుడు నిన్ను నమ్ముతున్నాను."

"నువ్వు నమ్మింది ఆఖరి ఎపిసోడ్‌ను వంశీ. అది దొరక్కపోయుంటే?"

అతను ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె వెనక్కి తీసుకుంది.

"గా రోజు డాడీని చూసి నీకు ఏడుపొచ్చింది, నేను తప్పు వట్ట. నన్ను జూసి నవ్వొచ్చింది చూడు, గదే మర్చిపోతలేను." ఆమె చున్నీ సర్దుకుంది. "ఇంటికి పో. అమ్మ ఎదురుచూస్తది."

రోడ్డు దాటి వెళ్ళిపోయింది. వెనక్కి చూస్తే ఆగిపోతానని భయపడి చూడలేదు.

ఇంట్లో మోహన్ అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. కూతురి ముఖం చూడకుండానే, పొద్దుట్నుంచీ కూడబెట్టుకున్న మాట బయటపెట్టాడు.

"గా పిలగాడు పొద్దుగాల ఫోన్ చేసిండు బిడ్డా. మంచోడే. మన చర్చి కాకపోయినా నాకేం ఫికర్ లేదు. లగ్గం చేసుకుంటనంటే చేస్త."

గల్లీలో ఉల్లిగడ్డల ఆటో పోతోంది. మైకులో నల్లముసుగు గొంతు అక్కల్నీ చెల్లెళ్ళనీ పిలుస్తోంది.

జోస్నా తండ్రి పళ్ళెంలో కూర వేసింది.

"తిను డాడీ. చల్లారిపోతది."